ఆగస్టు 15: ఇందూరు జైలు గోడ నుంచి ఉడ్‌స్టాక్ వేదిక దాకా

పళ్లు తోముకోవడానికి ఖైదీలకు బొగ్గు ఇచ్చేవాళ్లు. ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాద్‌లోని ఖిల్లా జైల్లో ఒక యువకుడు ఆ బొగ్గును దాచుకుని గోడ మీద పద్యాలు రాసేవాడు. జైలు అధికారులు చూసి చెరిపించేవాళ్లు, కొట్టేవాళ్లు. దెబ్బలు తగ్గకముందే మరో పద్యం గోడెక్కేది. ఆ యువకుడు దాశరథి కృష్ణమాచార్య. పక్కనే ఉన్న తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. తన నేలను కోటి రత్నాలు పొదిగిన వీణగా దాశరథి ఊహించుకున్నది ఆ నిజాం వ్యతిరేక పోరాటంలోనే, ఆ చెర రోజుల్లోనే.

ముప్ఫై ఏళ్లు గడిచాయి. 1977 ఆగస్టు 15న అదే దాశరథి ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవి అయ్యారు. ఒక ప్రభుత్వం చెరిపించిన అక్షరాలకు ఇంకో ప్రభుత్వం పీట వేసిన రోజది.

ఆ మర్నాడే, 1977 ఆగస్టు 16న, అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఎల్విస్ ప్రెస్లీ కన్నుమూశాడు. వయసు 42 ఏళ్లు. ప్రపంచంలోని పత్రికలన్నీ ఆ వార్తతో నిండిపోయాయి. దాశరథికీ ప్రెస్లీకీ ఏ సంబంధమూ లేదు. కాని రాక్ సంగీతాన్ని ప్రేమించేవాళ్లకు ఒక అలవాటుంది. ఏ తేదీన ఏ కచేరీ జరిగింది, ఏ రికార్డు విడుదలైంది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని క్యాలెండర్‌లోని ప్రతి గడినీ నింపుతారు. ఆ లెక్కలో ఆగస్టు 15 చాలా బరువైన తేదీ. 1965లో బీటిల్స్ షే స్టేడియం కచేరీ, 1969లో ఉడ్‌స్టాక్ మొదటి రోజు, రెండూ ఆ తేదీనే. మన పాటల చరిత్ర తిరగేసినా ఆ తేదీ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే వాటి మధ్య ఇందూరు జైలు గోడకు కూడా చోటుందని తేలుతుంది.

మొదటి గడి 1947. ఆగస్టు 14 అర్ధరాత్రి ఢిల్లీలో రాజ్యాంగ సభ సమావేశం పాటతోనే మొదలైంది. సుచేతా కృపలానీ వందేమాతరం మొదటి చరణం పాడారు. నెహ్రూ ప్రసంగం అందరికీ గుర్తుంది. ఆ ప్రసంగానికి ముందు సభలో వినిపించింది ఒక స్త్రీ గొంతు అన్న సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. సభ ముగిసే ముందు జనగణమన కూడా ఆమే పాడారు. ఆ జనగణమనకు తెలుగు నేలతో గట్టి బంధముంది. 1919లో మదనపల్లెలోని బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో బస చేసినప్పుడు రవీంద్రనాథ్ టాగూర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ అక్కడే దాని స్వరాలను కాగితం మీద పెట్టారు.

అదే అర్ధరాత్రి నిజామాబాద్‌లో జెండా ఎగరలేదు. హైదరాబాద్ సంస్థానం ఇటు భారత్‌లోనూ అటు పాకిస్తాన్‌లోనూ చేరదని, స్వతంత్రంగా ఉంటుందని నిజాం ఆ జూన్‌లోనే ఫర్మానా ఇచ్చారు. సంస్థానంలో త్రివర్ణ పతాకం ఎగరేయడం నేరం. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. రైల్లో కొన్ని గంటలు ప్రయాణించి సంస్థానం పొలిమేర దాటితే అక్కడ పండగ జరుగుతోంది. మంజీర ఒడ్డున మాత్రం నిశ్శబ్దం.

పాట నేరం కావడం ఇక్కడ కొత్త కాదు. 1938 చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడితే వాళ్లను బహిష్కరించారు. వందల మంది చదువు సాగించడానికి నాగపూర్ వెళ్లాల్సి వచ్చింది. పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. నిజామాబాద్ జిల్లాలోని బోధన్ శివార్లలో నిజాం షుగర్ ఫ్యాక్టరీ చెరకు గానుగలు తిరగడం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు కాలువల్లో పారాయి. నల్లరేగడి చెరకుతో పచ్చబడింది. 1937లో ఫ్యాక్టరీ పుట్టింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు పట్టాలు పడ్డాయి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దానికి పేరు. ఒకే పాలన కింద ఒక చోట చక్కెర తయారవుతుంటే, అదే జిల్లాలో ఇంకో చోట పద్యం రాసినవాడికి దెబ్బలు పడుతుండేవి. నిజామాబాద్ చరిత్ర రాసేవాళ్లు ఈ రెండింటినీ కలిపి చెప్పాలి.

దాశరథి 1925 జూలై 22న చిన్నగూడూరులో పుట్టారు. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. ఉర్దూ, ఫార్సీ, సంస్కృతం ఇంట్లోనూ బడిలోనూ వంటబట్టాయి. 1947లో అరెస్టై వరంగల్ జైలు నుంచి నిజామాబాద్ జైలుకు వచ్చారు. ఆళ్వారుస్వామి అప్పటికే పేరున్న కార్యకర్త. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చేసి, వాటిని ఊరూరా మోసుకెళ్లి అమ్మిన మనిషి. తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాశారు, చెరసాల అనుభవాలను ‘జైలు లోపల’ కథలుగా మలిచారు. తాళాల వెనక ఒక కవికి అలాంటి శ్రోత దొరకడం తెలుగు సాహిత్యం చేసుకున్న అదృష్టం. సంస్థానం 1948 సెప్టెంబరు 17న భారత యూనియన్‌లో కలిసింది. మరుసటి ఏడాది దాశరథి మొదటి కావ్యం ‘అగ్నిధార’ వెలువడింది. దాన్ని ఆయన ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చారు.

గోడ మీద బొగ్గుతో రాసిన పద్యానికి ప్రచురణకర్త ఉండడు, మైకు ఉండదు. దాన్ని చదివేవాడు పక్క గదిలో ఉన్న ఖైదీ ఒక్కడే. అక్కడి నుంచి అది నోటికెక్కి బయటికి రావాలి. తెలంగాణలో చాలా పాటలు అలా నోటినుంచి నోటికి బతికినవే. బతుకమ్మ పాట, ఒగ్గు కథ, నాట్ల పాట, వీటిలో దేనికీ మొదట అచ్చు లేదు. జైలు పద్యం కూడా ఆ దారిలోనే నడిచింది. దశాబ్దాల తర్వాత రాష్ట్ర సాధన సభల్లో లక్షల గొంతులు ఆ వీణ మాటను పలికినప్పుడు, అది పుట్టిన నేపథ్యం తెలియనివాళ్లు కూడా దాన్ని తమదిగానే పలికారు.

ఇక రాక్ క్యాలెండర్‌లో అదే తేదీకి వద్దాం.

1965 ఆగస్టు 15 సాయంత్రం న్యూయార్క్‌లోని షే స్టేడియం. బేస్‌బాల్ ఆట కోసం కట్టిన ఆ మైదానానికి 55,600 మంది వచ్చారు. అంతకు ముందు ఏ పాప్ సంగీత బృందమూ అంత పెద్ద స్టేడియాన్ని నింపలేదు. సిడ్ బెర్న్‌స్టీన్ అనే నిర్వాహకుడు చేసిన సాహసమది. బీటిల్స్ నలుగురూ అరగంట పాడారు, 12 పాటలు. ఆ అరగంటలో వాళ్ల పాట వాళ్లకే వినపడలేదు. అభిమానుల కేకలు అంతగా మిన్నంటాయి. వేదిక మీది ఆంప్లిఫైయర్లు ఆ గుంపుకు చాలవు. స్టేడియంలో ఆట ప్రకటనల కోసం పెట్టిన స్పీకర్లలోంచే పాట వినిపించాల్సి వచ్చింది. ఆగస్టు 15న ఊరి బడి మైదానంలో మైక్ సెట్ గరగరలాడితే ఎంత ఇబ్బందో తెలిసిన మనకు ఆ అవస్థ సులువుగానే అర్థమవుతుంది.

సరిగ్గా ఏడాదికి, 1966 ఆగస్టు 15న, బీటిల్స్ వాషింగ్టన్ స్టేడియంలో పాడారు. ఆ తర్వాత రెండు వారాలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి కచేరీ చేసి, టికెట్లు పెట్టి ఊరూరా పాడే బతుకు చాలించారు. వినపడని పాట పాడి లాభమేమిటన్న విసుగు దానికి ఒక కారణం. కచేరీలు మానేశాక వాళ్లు స్టూడియోలో కూర్చుని చేసిన సంగీతమే రాక్ దిశను మార్చింది.

ఆ మార్పులో మన వాటా ఉంది. షే స్టేడియం కచేరీ అయిన కొద్ది రోజులకే లాస్ ఏంజెలెస్‌లో ‘ది బర్డ్స్’ బృందం కుర్రాళ్లు బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్‌కు సితార్ విద్వాంసుడు రవిశంకర్ గురించి చెప్పారు. సితార్ అంతకు ముందే ఒక సినిమా షూటింగులో అతని చేతికి తగిలింది. ఆ అక్టోబరులో రికార్డు చేసిన ‘నార్వీజియన్ వుడ్’లో హారిసన్ సితార్ మీటాడు. మరుసటి ఏడాది రవిశంకర్‌ను కలిసి శిష్యుడయ్యాడు. అలా తెరుచుకున్న తలుపులోంచే నాలుగేళ్ల తర్వాత అదే ఆగస్టు 15న ఒక భారతీయ సంగీతకారుడు ఉడ్‌స్టాక్ వేదికెక్కాడు.

ఉడ్‌స్టాక్ అనగానే పెద్ద నగరమేదో కళ్ల ముందు మెదులుతుంది. నిజానికి ఆ ఉత్సవం జరిగింది ఒక పాడి రైతు పొలంలో. న్యూయార్క్ రాష్ట్రంలో బెతెల్ అనే పల్లె, మాక్స్ యాస్గర్ అనే రైతుకు చెందిన 600 ఎకరాల పాడి క్షేత్రం. ముందు అనుకున్న ఊళ్లో అనుమతి రాకపోతే చివరి నిమిషంలో ఈ రైతు పచ్చిక బయలు ఇచ్చాడు. కంచె పూర్తి కాకముందే జనం వచ్చేశారు. టికెట్ల సంగతి వదిలేయక తప్పలేదు. నాలుగు లక్షలకు పైగా మనుషులు చేరారు. రోడ్లు మైళ్ల కొద్దీ స్తంభించాయి. 1969 ఆగస్టు 15, శుక్రవారం సాయంత్రం ఐదింటికి కార్యక్రమం మొదలైంది.

మొదట పాడవలసినవాళ్లు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయారు. అందుబాటులో ఉన్నవాడు రిచీ హేవెన్స్ అనే నల్లజాతి గాయకుడు. గిటార్ పట్టుకుని ఎక్కాడు. దిగబోతే నిర్వాహకులు మళ్లీ ఎక్కించారు. తనకు వచ్చిన పాటలన్నీ అయిపోయాయి. ఇంకేం పాడాలో తోచక, బానిసత్వపు రోజుల నాటి ఒక పాత భక్తిగీతాన్ని ఎత్తుకుని దానికి ముందు ‘స్వేచ్ఛ’ అన్న ఒక్క మాటను పదే పదే కలిపి అక్కడికక్కడే అల్లాడు. ‘ఫ్రీడమ్’ అన్న పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. భారత స్వాతంత్ర్య దినాన, వేల మైళ్ల దూరాన, వేరే జాతి బిడ్డ నోట అదే మాట అనుకోకుండా పుట్టింది.

తర్వాత వేదిక మీద మాట్లాడింది కోయంబత్తూరు ప్రాంతం నుంచి వెళ్లిన స్వామి సచ్చిదానంద. రాత్రి వాన మొదలైంది. ఆ వానలోనే రవిశంకర్ సితార్‌తో కూర్చున్నారు. తబలా మీద అల్లా రఖా, తంబురా మీద మాయా కులకర్ణి. సుమారు అరగంట వాయించారు. ఆ రాత్రి ఆయనకు సంతోషం కలగలేదు. బురదలో తడిసి పడి ఉన్న ఆ జనాన్ని చూస్తే మన పల్లెల్లో బురదగుంటల్లో మునిగిన గేదెలు గుర్తొచ్చాయని తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నారు. రాగాన్ని మత్తుకు తోడుగా వినే శ్రోతలను ఆయన ఎన్నడూ ఇష్టపడలేదు. సంగీతం పట్ల ఆయనకున్న ఆ నిష్ఠ గౌరవించదగ్గది. జనం తనను పొగుడుతున్నారు కదా అని తన విద్య విలువను తగ్గించుకోలేదు.

ఆ రాత్రి ఆఖరున పాడింది జోన్ బేజ్. ఆరు నెలల గర్భిణి. ఆమె భర్త డేవిడ్ హారిస్ అప్పుడు జైల్లో ఉన్నాడు. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని చెప్పినందుకు పడిన శిక్ష. ఆ సంగతి ఆమె జనానికి వేదిక మీది నుంచే చెప్పింది. అర్ధరాత్రి దాటాక ‘వి షల్ ఓవర్‌కమ్’ పాడి మొదటి రోజు ముగించింది.

ఆ పాట పుట్టుక నిజామాబాద్ జిల్లా వాళ్లు తప్పక తెలుసుకోవాలి. పాత చర్చి గీతమొకటి దాని మూలం. దాన్ని పోరాట పాటగా మార్చింది 1945-46లో అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో సమ్మె చేసిన పొగాకు ఫ్యాక్టరీ కార్మికులు. ఎక్కువ మంది నల్లజాతి స్త్రీలు. పొగాకు దుమ్ములో పనిచేసే ఆడవాళ్లు వానలో పికెటింగు చేస్తూ నెమ్మదిగా సాగదీసి పాడిన పాటది. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, చాటలో బీడీలు చుట్టే వేలాది స్త్రీల జిల్లా నిజామాబాద్. ఆ పాటనే గిరిజాకుమార్ మాథుర్ హిందీలోకి తెచ్చారు. ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ అంటూ మన బడుల్లో ఆగస్టు 15న పిల్లలు పాడేది దాన్నే. బీడీలు చుట్టే తల్లి కూతురు బడిలో పాడుతున్న పాట మరో ఖండంలో పొగాకు పనిచేసిన తల్లులు కట్టిన పాట.

బెతెల్‌లో గిటార్లు మోగుతున్న ఆ ఆగస్టులో తెలంగాణ రగులుతోంది. 1969 జనవరిలో పాల్వంచ, కొత్తగూడెం వైపు మొదలైన ప్రత్యేక తెలంగాణ ఆందోళన జిల్లాలన్నీ పాకింది. కాలేజీలు మూతపడ్డాయి, కాల్పుల్లో విద్యార్థులు చనిపోయారు. ఆ ఉద్యమంలోకి దిగిన ఇంజనీరింగు విద్యార్థి ఒకడు బుర్రకథ దళం కట్టాడు. పేరు గుమ్మడి విఠల్‌రావు, ఊరు తూప్రాన్. హైదరాబాద్ నుంచి నిజామాబాద్ వెళ్లే బస్సు ఆగే ఊరు. తర్వాత సినీ దర్శకుడు బి. నర్సింగరావు పరిచయం, 1972లో జననాట్యమండలి, గద్దర్ అన్న పేరు. గోచీ, గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. రాక్ గాయకుడు గిటార్‌తో ఏ పని చేశాడో ఆయన డప్పుతోనూ ఒంటితోనూ ఆ పని చేశారు. పాటను నిలబడి వినేది కాకుండా వేలమంది కలిసి ఊగేదిగా మార్చారు. 1979లో వచ్చిన ‘మా భూమి’ సినిమాలో బండి యాదగిరి పాటను ఆయనే పాడారు. 1997 ఏప్రిల్ 6న తుపాకీ తూటాలు తిన్నారు. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు.

రాక్ బృందాలు మన జిల్లా పట్టణాలకు రాలేదు. వాటి చప్పుడు మాత్రం వచ్చింది. సినిమా పాట వీపు మీద కూర్చుని వచ్చింది. రేడియో సిలోన్, వివిధ భారతి, హిందీ సినిమా, ఈ మూడూ దారులు. ఉర్దూ, మరాఠీ, తెలుగు మూడూ వినిపించే బోధన్ బజారుకు హిందీ పాట అర్థం కావడానికి కష్టపడాల్సిన పని లేదు. ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్, సాక్సఫోన్ అన్నవి చాలామంది చెవులకు మొదట సోకింది అక్కడే.

ఆ దారిలో పెద్ద మజిలీ కూడా ఆగస్టు 15నే. 1975లో ఆ రోజున ‘షోలే’ విడుదలైంది. దేశం ఎమర్జెన్సీలో ఉంది. పత్రికల మీద సెన్సార్, జైళ్ల నిండా రాజకీయ ఖైదీలు. రాహుల్ దేవ్ బర్మన్ ఆ సినిమాకు స్టీరియో శబ్దంలో సంగీతం కట్టారు. గ్రీసు గాయకుడు డెమిస్ రూసోస్ పాడిన ఒక పాట బాణీని తీసుకుని, తన గొంతులోని గరుకుతనంతో ‘మెహబూబా’ను వేరే పాట చేశారు. పాటలే కాదు, మాటలను కూడా రికార్డులుగా వేస్తే జనం కొన్నారు. మైక్ సెట్ పెట్టిన ప్రతి చోటా గబ్బర్ సింగ్ గొంతు మోగింది.

తెలుగు సినిమా పాట కూడా ఈలోగా కొత్త వాద్యాలకు అలవాటుపడింది. అందులో ఇందూరు జైలు కవి పాత్ర ఉంది. దాశరథి 1961లో ‘వాగ్దానం’, ‘ఇద్దరు మిత్రులు’ చిత్రాలతో సినిమాల్లోకి వచ్చారు. ‘ఇద్దరు మిత్రులు’లో సాలూరి రాజేశ్వరరావు పాశ్చాత్య వాద్యగోష్ఠితో చేసిన పాటలు ఇప్పటికీ తాజాగా ఉంటాయి. బొగ్గుతో పద్యం రాసిన చెయ్యి అంత హాయిగా ఆ లయలో ఇమిడింది. గాలిబ్‌ను తెలుగు చేసిన కవి కాబట్టి ఆ ఒడుపు ఆయనకు సహజం. అదే ఏడాది వచ్చిన ‘వెలుగు నీడలు’లో, స్వాతంత్ర్యం వచ్చిందన్న సంబరం దగ్గరే ఆగిపోవద్దని హెచ్చరించే పాటను శ్రీశ్రీ రాశారు. పెండ్యాల బాణీ కట్టగా ఘంటసాల, సుశీల పాడారు. ఆగస్టు 15న ఆ పాట వినిపించని తెలుగు ఊరు లేదు. పాడిన ఘంటసాల కూడా క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లినవారే.

దాశరథి, ఘంటసాల, భర్త చెరలో ఉండగా పాడిన జోన్ బేజ్. ఆగస్టు 15 జాబితాలోని ఈ పేర్ల వెనక జైలు తలుపు కనిపిస్తూనే ఉంటుంది. జైలు గురించి పాడిన రాక్ గాయకులు చాలామందే. జానీ క్యాష్ 1968లో ఫోల్సమ్ జైల్లోకి వెళ్లి ఖైదీల ముందు పాడి రికార్డు చేస్తే అది చరిత్ర అయింది. నిజామాబాద్‌లో పాడినవాడే ఖైదీ. రికార్డు చేసింది గోడ. ప్రపంచ సంగీత చరిత్రలో ఏ మూలనైనా గర్వంగా చెప్పుకోదగ్గ ఘట్టమది.

1977 ఆగస్టు 15న వచ్చిన ఆస్థానకవి పదవిలో దాశరథి 1983 దాకా ఉన్నారు. అంతకు ముందే, 1974లో, ‘తిమిరంతో సమరం’ కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 1987 నవంబరు 5న వెళ్లిపోయారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఆయన పేరిట ఇస్తున్న పురస్కారాన్ని ఆయన పుట్టినరోజైన జూలై 22 సందర్భంగా ప్రకటిస్తారు.

ఆ తేదీ జాబితాలో ఇంకొక్క గడి చెప్పుకోకపోతే లోటు. 1992 ఆగస్టు 15న ‘రోజా’ తమిళంలో విడుదలైంది. సంగీతం ఎ.ఆర్. రెహమాన్. మొదటి సినిమా. అంతకు ముందు చెన్నైలో ‘నెమిసిస్ అవెన్యూ’ అనే రాక్ బృందంలో ఉన్నాడు. కడుపు నింపుకోవడానికి సినిమా స్టూడియోల్లో కీబోర్డు వాయించాడు. ఆ పనిలో తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటిల దగ్గర గడిపిన రోజులున్నాయి. తెలుగు పాట కోసం వేళ్లు అరగదీసిన కుర్రవాడు తన స్వరాన్ని దేశానికి వినిపించింది స్వాతంత్ర్య దినం నాడు. సినిమా కథ కూడా బందీ అయిన మనిషిదే. తగలబడుతున్న జాతీయ జెండాను అతను తన ఒంటితో ఆర్పే సన్నివేశం చూసి హాళ్లు దద్దరిల్లాయి. తెలుగులో రాజశ్రీ మాటలతో ఆ పాటలు ఊరూరా పాకాయి. రెహమాన్ తొలి సినిమాకే జాతీయ పురస్కారం గెలుచుకున్నాడు. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవానికి ‘వందేమాతరం’ ఆల్బమ్ చేశాడు. 1938లో పాడితే కాలేజీలోంచి గెంటేసిన మాటను ఎలక్ట్రిక్ గిటార్లూ డ్రమ్స్ తోడుగా గొంతెత్తి పాడాడు. ఉస్మానియా హాస్టల్ నుంచి మూటాముల్లె సర్దుకుని నాగపూర్ రైలెక్కిన విద్యార్థులకు అంతకంటే పెద్ద సమాధానం ఏముంటుంది?

ఇప్పుడు శక్కర్‌నగర్‌లో గానుగలు తిరగడం లేదు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసే రైతులు వరికీ, పసుపుకూ, సోయాకూ మళ్లారు. దసరా తర్వాత రోడ్ల మీద బారులు తీరే చెరకు బండ్లు లేవు. ఫ్యాక్టరీ మళ్లీ తెరవాలన్న డిమాండు ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. ఒక ఊరి పని శబ్దం ఆగిపోతే ఆ ఊరి పాట కూడా సన్నగిల్లుతుంది. అందుకే ఉన్న జ్ఞాపకాలను గట్టిగా పట్టుకోవాలి.

ఆ జ్ఞాపకాల్లో ముందు వరసలోది ఖిల్లా జైలు. మనం బీటిల్స్ పాడిన స్టేడియం పేరు చెప్పగలం, ఉడ్‌స్టాక్ జరిగిన పొలం ఫొటోలు చూసి ఉంటాం. ఆ పొలంలో ఇప్పుడు మ్యూజియం ఉంది, ఏటా వేల మంది వచ్చి చూసిపోతారు. మన దగ్గర ఆ స్థాయి ఘట్టం జరిగిన చోటు నిజామాబాద్ బడి పిల్లలకు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంది. ఖిల్లా మీది రామాలయానికి వచ్చే భక్తుడికైనా, సెలవు రోజున ఊరు చూపించడానికి పిల్లల్ని తీసుకొచ్చే తండ్రికైనా ఇక్కడ ఎవరు, ఏ బొగ్గుతో, ఎందుకు రాశారో చెప్పే మనిషి కావాలి.

నిజామాబాద్, బోధన్ బడుల తెలుగు పంతుళ్లకు, పంతులమ్మలకు ఒక్క మనవి. వచ్చే ఆగస్టు 15న జెండా ఎగరేసి, మిఠాయి పంచి, పిల్లలు ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ పాడాక, ఇంటికి పంపేముందు ఒక్క గంట ఖిల్లాకు తీసుకెళ్లండి. అక్కడ కూర్చోబెట్టి పొగాకు కార్మికుల పాట గురించి, గర్భంతో పాడిన జోన్ బేజ్ గురించి, పళ్లపొడి బొగ్గుతో గోడ నింపిన దాశరథి గురించి చెప్పండి. తర్వాత ఆ వీణ పద్యాన్ని పిల్లల చేతే, గొంతెత్తి, అక్కడే చదివించండి.